చెరువుకు ఒడ్డు తిరిగి ఇవ్వడం: తిరుపతి శివారులో ఒక పునరుద్ధరణ అనుభవం

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ పేరులోనే ఒక గుంట ఉంది. కొర్రమేనుగుంట అనే పేట పేరు వింటే, ఆ చోట ఒకప్పుడు కొర్రమేను బతికేంత నీరు, బురద, జమ్ము ఉండేవని ఊహించవచ్చు. కొర్రమేను గాలి పీల్చగల చేప. చెరువు అడుగంటిన తరువాత కూడా బురదలో కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. కార్తీకంలో నిండి, మాఘఫాల్గుణాలకు తగ్గి, వేసవికి నెర్రెలు విచ్చే మన ప్రాంతపు చెరువుకు సరిపడిన జీవి అది. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక చెరువు గురించి. నగరం పెరిగి మూడు వైపులా ఇళ్లు చుట్టుకున్న ఆ చెరువులో పక్షులకు, చేపలకు మళ్లీ చోటు కల్పిస్తూ, చుట్టుపక్కలవాళ్లు వచ్చి నడిచేందుకు, కూర్చునేందుకు వీలు చేసే పనిని మా బృందం చేపట్టింది. క్షేత్రస్థాయి బాధ్యత నాది. స్థలం మీద తగాదాలు ఇంకా తెగనందువల్ల చెరువు పేరు రాయడం లేదు.

పని మొదలుపెట్టినప్పుడు అందరి నోటా ఒకే మాట వినిపించింది: పూడిక తీయాలి, లోతు చేయాలి, చుట్టూ రాతికట్టు కట్టి నడకదారి వేయాలి. ఆ మాటలో తప్పు ఎక్కడుందో తెలియడానికి మాకు ఒక వానకాలం పట్టింది. చెరువులో ఎక్కువ ప్రాణులు బతికేది లోతులో కాదు, నీరు మోకాలికి, చీలమండకు, చివరకు తడిమట్టికి తగ్గుతూ పోయే ఒడ్డులో. ఆ ఒడ్డునే మనం ముందుగా పోగొడుతున్నాము.

నీరు వచ్చే దారి

శేషాచలం వాలు మీద పడిన వాన వంకలుగా దిగి, ఒక చెరువు నిండి మొరవ (మిగులు నీరు పొర్లిపోయే గోడ) పారితే తరువాతి చెరువుకు చేరి, చివరకు స్వర్ణముఖిలో కలిసేలా ఈ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు కట్టారు. కాబట్టి ఒక చెరువును విడిగా బాగుచేయడం అనేది అసలు కుదరని పని. మేము తీసుకున్న చెరువుకు నీరు తెచ్చే కసం కాలువలు రెండు. ఒకటి లేఅవుట్ రోడ్ల కింద చిన్న సిమెంటు పైపుల్లోకి ఇరుక్కుపోయింది. రెండోది కంపచెట్లతో, కూల్చిన ఇళ్ల శిథిలాలతో పూడిపోయింది. ఏడాది పొడవునా చెరువులోకి వస్తున్న నీరు ఒక్కటే, కొత్త కాలనీల మురుగు. వానకాలంలో రావాల్సిన నీరు మాత్రం రోడ్ల మీద నిలిచి ఇళ్లలోకి పోతున్నది.

మొదటి రెండు నెలలు మేము పార పట్టలేదు. గ్రామపటం, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పట్టుకొని కాలువల వెంబడి నడిచాము. చెరువు పోరంబోకు హద్దులు కాగితం మీద ఒకచోట, నేల మీద ఇంకొకచోట ఉన్నాయి. దానికన్నా పెద్ద చిక్కు మొరవ దగ్గర బయటపడింది. ఎవరో ఎప్పుడో మొరవ గోడ పైవరుస రాళ్లు తీసేశారు. చెరువు నిండు మట్టాన్ని నిర్ణయించేది మొరవ గోడ ఎత్తే. దాన్ని ఒక వరుస తగ్గిస్తే పైభాగంలో కొంత నేల ఎన్నడూ మునగదు, కొన్నేళ్లకు ఆ నేల చెరువే కాదన్నట్టుగా ప్లాట్లుగా మారుతుంది. మన జిల్లాల్లో చెరువు హద్దుల తగాదా పరిశీలించబోయేవాళ్లు ముందుగా మొరవ గోడను చూడాలని నా సలహా. పత్రాల కన్నా ముందు రాళ్లే నిజం చెబుతాయి.

చట్టం ఏమంటుందో కూడా చూడవలసి వచ్చింది. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. అంటే రాయలసీమ చెరువుల్లో చాలావాటికి, అవి ఎన్ని పక్షులకు ఆశ్రయమిచ్చినా, ఆ నిబంధనల కింద నేరుగా రక్షణ దొరకదు. కనుక మేము హించ్‌లాల్ తివారీ కేసులో 2001లో సుప్రీంకోర్టు ఊరి చెరువులు, కుంటలు ప్రజల ఉమ్మడి ఆస్తి అని చెప్పిన తీర్పును, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టాన్ని ఆధారం చేసుకొని అర్జీలు పెట్టాము. పూర్వపు ఎత్తుకు మొరవను కడితే మునిగే ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్లు అమ్మినవాళ్ల మాట నమ్మి కొన్న మామూలు కుటుంబాలవాళ్లు. అందువల్ల తీసిన ఎత్తులో సగమే తిరిగి కట్టాము. చెరువు దృష్టితో చూస్తే అది నష్టమే. ఆ కుటుంబాల ముఖాలు చూసిన తరువాత ఇంకొక దారి నాకు కనిపించలేదు.

కట్ట విషయంలో ఎవరికీ వాదన అవసరం లేకపోయింది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకై, దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు అందరికీ గుర్తున్నాయి. కట్ట మీద పెరిగిన సర్కారు తుమ్మలో లేత మొక్కలను వేళ్లతో సహా పెకలించాము. ముదిరిన చెట్లను మాత్రం ఒక్కసారిగా నరికించలేదు. లావు వేరు లోపల కుళ్లితే ఆ గొట్టం వెంట నీరు దారి చేసుకుంటుంది. వాటిని విడతలుగా తీసి, గుంతలను జిగురుమట్టితో దిమ్మిసి కొట్టించాము. గిజిగాళ్లు గూళ్లు అల్లుకున్న తాటిచెట్ల జోలికి పోలేదు.

పూడికలో చేసిన తప్పు

మొదటి వేసవిలో హిటాచీ యంత్రం దించి, కట్టకు దగ్గరగా ఉన్న భాగాన్ని ఒకే మట్టానికి తవ్వించాము. ఒండ్రు ఎంత మందాన ఉందో నాలుగైదు చోట్ల గుంతలు తీసి చూశాము గాని, అడుగున ఉన్న జిగురుమట్టి పొర ఒకచోట పలుచగా, ఒకచోట మందంగా ఉంటుందన్నది పట్టించుకోలేదు. వందల ఏళ్లుగా సన్నని మన్ను పేరుకొని ఏర్పడిన ఆ పొరే చెరువు నీటిని పట్టి ఉంచుతుంది. రెండుచోట్ల యంత్రం దాన్ని చీల్చుకొని కింద ఉన్న గరప నేలలోకి దిగింది. ఆ ఏడు వానలు బాగానే పడ్డా, సంక్రాంతి నాటికి ఉండవలసిన నీరు లేదు. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరిగాయని కొందరు సంతోషించారు, అది నిజమైన లాభమే. కానీ చలికాలపు బాతులు వచ్చేసరికి మా దగ్గర మిగిలింది నడిమిలో ఒక గుంట మాత్రమే. నిర్ణయం నాది కాబట్టి బాధ్యత కూడా నాదే.

రెండో వేసవిలో పక్కన పోసి ఉంచిన జిగురుమట్టిని ఆ రెండు చోట్లా పలుచని వరుసలుగా పరిచి, తడిపి, తొక్కించాము. పశువుల మందను దాని మీద తిప్పించడం ఊరి పెద్దలు చెప్పిన ఉపాయం. గిట్టలు తొక్కిన మట్టి రోలరు తొక్కిన దానికన్నా బాగా అతుక్కుంది. అప్పటినుంచి ప్రతి అడుగు లోతుకు ఒక గుంత తీసి చూసి, జిగురు కనబడ్డ చోట ఆపడం నియమంగా పెట్టుకున్నాము. ఒండ్రును రైతులు పొలాలకు తోలుకున్నారు. మురుగు కాలువ మూతి దగ్గర మట్టిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నగరపు మురుగులో ఏ లోహాలు కలిసి ఉంటాయో పరీక్ష చేయించకుండా అన్నం పండే నేలకు చేర్చకూడదు.

ఒడ్డు

రాతికట్టు వేసిన చెరువును పక్షి కళ్లతో చూడాలి. నిట్టనిలువు గోడ, దాని పక్కనే ఆరడుగుల నీరు. నీటికాకి, మునుగుడుకోడి మునిగి వేటాడతాయి కాబట్టి వాటికి చిక్కు లేదు. గుడ్డికొంగ నిలబడడానికి అక్కడ చోటు లేదు. ఉత్తర దేశాల నుంచి వలస వచ్చే సూదితోక బాతు తల ముంచి, తోక పైకెత్తి అడుగున మేస్తుంది. దానికి అడుగున్నర లోపు నీరు కావాలి. ఉల్లంకులకు అరచేతి లోతు చాలు, కొన్నిటికి తడి బురద ఒక్కటే చాలు. వలస బాతులు, ఉల్లంకులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మన చెరువులను నింపేదీ అప్పుడే. చెరువు నిండే కొద్దీ నీరు ఏటవాలుగా పైకి పాకి, తగ్గే కొద్దీ కొత్త బురదను బయటపెడుతూ పోతే, ఆ కదిలే అంచు వెంట నాలుగైదు నెలలు మేత దొరుకుతుంది. గోడ కట్టిన చెరువులో నీటి మట్టం పెరిగినా తగ్గినా అంచు కదలదు.

అందుకని కట్టకు ఎదురుగా ఉన్న పైభాగమంతా ఒకటికి ఎనిమిది (అడుగు ఎత్తుకు ఎనిమిది అడుగుల పొడవు), కొన్నిచోట్ల ఒకటికి పన్నెండు వాలుతో సరిచేశాము. రాయి వేయలేదు. కట్ట లోపలి ముఖానికి మాత్రం అలల దెబ్బకు రాతి పరుపు తప్పనిసరి కాబట్టి అక్కడ ఉంచాము. వాలు మీద తుంగ, నీటి గడ్డి వాటంతట అవే మొలిచాయి. నాటినవి తక్కువ: పైఅంచున నల్లతుమ్మ, కానుగ, తెల్లమద్ది. నల్లతుమ్మ నీళ్లలో నెలల తరబడి నిలబడినా చావదు, ముళ్లకొమ్మల మీద కొంగల గూళ్లు భద్రంగా ఉంటాయి. మన జిల్లాలోనే ఉన్న నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలిచిన బారింగ్టోనియా చెట్ల మీద గూళ్లు కడతాయి. నీటిలో నిలబడే చెట్టు ఎంత విలువైనదో అక్కడికి వెళ్లి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

గూళ్ల కోసం ఒక దిబ్బ కూడా అనుకున్నాము. మా మొదటి పటంలో అది చెరువు నడిమిలో ఉంది. ఆయకట్టులో ఇంకా కొంత మడి చేస్తున్న ఒక పెద్ద రైతు పటం చూసి అడిగారు.

"ఏం సార్, చెరువు నడిమద్దిలో దిబ్బ ఏస్తే నీళ్లు యాడ నిలస్తాయి? ఉండే లోతే పూడిపోయిందని గదా మీరొచ్చింది."

"మట్టి బయటికి తోలే ఖర్చు తగ్గుతుంది, పక్షులకు కుక్కల బెడద ఉండదు, పెద్దాయనా" అన్నాను.

"కుక్కలకు ఆ పక్క మూల గూడా దూరమే. ఆడ ఏసి సుట్టూ కాలవ తియ్యండి."

ఆ మాట విన్న రాత్రి నాకు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గుర్తొచ్చింది. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలనూ, తప్పించవలసిన ఆరు దోషాలనూ చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దు వంటి వాటితో పాటు చెరువు నడుమ మిట్ట ఉండడం కూడా ఆ దోషాల్లో ఒకటి. చదివి చాలా ఏళ్లయినా, పటం గీసేటప్పుడు నాకు తట్టలేదు. దిబ్బను పైభాగపు మూలకు జరిపి, చుట్టూ మార్చి నెలాఖరు దాకా నీరు నిలిచేంత లోతుగా కాలువ తీయించాము. కట్ట దగ్గరి లోతు ఆయకట్టు రైతులకు మిగిలింది. తూము కింద మడి పారడం ఆగలేదు కాబట్టి, పక్షుల పేరు చెప్పి తమ నీళ్లు లాక్కున్నారనే మాట ఊళ్లో పుట్టలేదు.

జమ్ము విషయం వేరు. వదిలేస్తే మూడేళ్లలో లోతు తక్కువ భాగమంతా కప్పేసి, తెరపి లేకుండా చేస్తుంది. కొందరు పశువులను పూర్తిగా ఆపమన్నారు. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 1982లో మేతను నిషేధించిన తరువాత నీటిగడ్డి విపరీతంగా పెరిగి బాతులకు తెరపి నీరు తగ్గిపోయిన సంగతి ఈ పని చేసేవాళ్లందరూ చదవవలసిన పాఠం. మేము బర్రెలను ఆపలేదు. దిబ్బ ఉన్న మూల తప్ప మిగతా చోట్ల మేయనిచ్చాము. సంక్రాంతి తరువాత జమ్మును పాయలు పాయలుగా కోయిస్తున్నాము. గుర్రపుడెక్కను మాత్రం పూత రాకముందే చేతితో ఏరి, నీటికి దూరంగా ఎండబెడుతున్నాము. దాని విత్తనం ఒండ్రులో పదిహేను, ఇరవై ఏళ్లు నిలువ ఉంటుంది కాబట్టి ఒక్కసారి శుభ్రం చేశామని ప్రకటించుకునే అవకాశం లేదు.

మురుగు

మురుగును పూర్తిగా ఆపడం మా చేతిలో లేదు. భూగర్భ డ్రైనేజీ ఆ కాలనీలకు చేరేవరకు అది వస్తూనే ఉంటుంది. అందుకని కాలువ మూతి దగ్గర మూడు మెట్లు కట్టాము. మొదటిది మట్టి, చెత్త దిగే తొట్టి. రెండోది కంకర పరుపు. నీరు కంకర లోపలే పారుతుంది, పైన జమ్ము, తుంగ పెరుగుతాయి. వాటి వేళ్లను, కంకరను పట్టుకొని ఉండే సూక్ష్మజీవులు మురుగును విరుస్తాయి. నీరు పైకి కనబడదు కాబట్టి దోమ గుడ్లు పెట్టలేదు. మూడోది లోతు తక్కువ కుంట, ఎండ తగిలే చోటు. ఇలాంటి కట్టడం చెడిపోవడానికి ముఖ్య కారణం ఒక్కటే: తొట్టిలో పేరుకున్న బురదను సమయానికి తీయకపోతే అది కంకరలోకి పోయి సందులన్నీ మూసేస్తుంది. రెండో ఏడు మాకు అదే జరిగింది. తొట్టి శుభ్రం చేసే పనికి జీతం ఎవరివ్వాలనే లెక్క నడుస్తుండగానే పరుపు ముందుభాగం మూసుకుపోయింది, ఆ కంకరంతా తవ్వి కడిగి మళ్లీ పరచవలసి వచ్చింది.

నీటి పరీక్షలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డీ తరగతిని లక్ష్యంగా పెట్టుకున్నాము. వన్యప్రాణులకు, చేపల పెంపకానికి ఉద్దేశించిన తరగతి అది: లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్, 6.5 నుంచి 8.5 మధ్య పీహెచ్, 1.2 మిల్లీగ్రాములకు మించని స్వేచ్ఛా అమ్మోనియా. ఆక్సిజన్‌ను మధ్యాహ్నం కొలిస్తే పాచి ఉన్న చెరువు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే పాచి పగలంతా ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే పాచి దాన్ని పీల్చుకుంటుంది. చేపలు చచ్చేది తెల్లవారుజామున. కాబట్టి మేము సూర్యోదయానికి ముందే కొలుస్తాము. తొలకరిలో, కాలువల్లో పేరుకున్న బురద ఒక్కసారిగా కొట్టుకొచ్చే రోజుల్లో, వారానికి రెండుసార్లు కొలుస్తాము.

జనం

చుట్టూ నడకదారి ఉండాలన్న పట్టుదల చాలామందిది. మేము ఒప్పుకోలేదు. చిన్న చెరువు చుట్టూ మనుషులు నడిస్తే, నీటిలో ఎక్కడ కూర్చున్నా బాతుకు ఏదో ఒక వైపు మనిషి దగ్గరగానే ఉంటాడు. లేచి ఎగరడానికి ఖర్చయ్యే శక్తి అది మళ్లీ మేసి సంపాదించుకోవాలి. కట్ట మీద, దానికి ఆనుకున్న ఒక పక్కన మాత్రం గరప దారి వేసి, మెట్లకు బదులు చక్రాల కుర్చీ ఎక్కగల వాలు పెట్టాము. దారి చివర వెదురు తడిక కట్టి, చూడడానికి మూడు ఎత్తుల్లో కంతలు ఉంచాము. పిల్లలకు ఒకటి, కూర్చున్నవాళ్లకు ఒకటి, నిలబడ్డవాళ్లకు ఒకటి. ఆ తడిక దగ్గర నత్తగుల్ల కొంగ నడుమ సందు ఉన్న ముక్కుతో నత్తను తీసే తీరు చూసిన పిల్లలు మరునాడు తల్లిదండ్రులను తీసుకొని రావడం నేను చాలాసార్లు చూశాను.

దీపాల మీద పెద్ద చర్చే జరిగింది. రాత్రి వెలుతురు కొంగల నిద్రను, పురుగుల జీవితాన్ని చెదరగొడుతుందని నేను వాదించాను. పని ముగించుకొని సాయంత్రం ఏడు తరువాత మాత్రమే నడవగలిగే ఆడవాళ్లు, చీకటి కట్ట మీదకు తాము రాలేమని, అప్పుడు ఈ చెరువు ఎవరికోసమని అడిగారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనది. మోకాలి ఎత్తు స్తంభాలకు, నేల వైపు మాత్రమే పడే పసుపు దీపాలు పెట్టి, ఎనిమిదిన్నరకు ఆర్పుతున్నాము. దిబ్బ వైపు ఒక్క దీపం కూడా లేదు.

తీర్థయాత్రల ఊరు కాబట్టి చేపలకు బొరుగులు వేయడం ఇక్కడ పుణ్యకార్యం. అడ్డుచెప్పినవాళ్లకు చెడ్డపేరు వస్తుంది. గంపలకొద్దీ బొరుగులు కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుందని, జిలేబీ చేపలే పెరిగిపోతాయని తెల్లవారుజామున తీసిన లెక్కలతో సహా బోర్డు పెట్టాము. 1952లో మన దేశానికి వచ్చిన ఆ తిలాపియా మురుగులోనూ బతుకుతుంది, నాటు చేపల గుడ్లు తింటుంది. బోర్డు కన్నా ఎక్కువ పనిచేసింది, బొరుగులు అమ్మే అవ్వకు తడిక దగ్గర మజ్జిగ, పండ్లు అమ్ముకునే చోటు ఇవ్వడం. వినాయక నిమజ్జనానికి కట్ట బయట టార్పాలిన్ పరిచిన గుంట తీయించి, మట్టి బొమ్మలకే అనుమతి అని పందిళ్ల వాళ్లతో ముందుగానే మాట్లాడాము. చాకిరేవును తీసేయలేదు. రేవుకు గచ్చు వేసి, సబ్బునీరు కంకర పరుపులోకి పోయేలా కాలువ కలిపాము.

ఇప్పటి స్థితి

జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌లో (నీటిపక్షుల గణనలో) ఈ చెరువును కూడా లెక్కిస్తున్నాము. ఆసియాలో ఆ గణన 1987 నుంచి జరుగుతున్నది. ఒక చెరువులో రెండు మూడేళ్ల అంకెలు చూసి విజయమో వైఫల్యమో చెప్పడం సరికాదు, ఎందుకంటే చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు ఇక్కడికి పక్షులు ఎక్కువగా వస్తాయి, అవన్నీ నిండిన ఏడు చెదిరిపోతాయి. నేను ఎక్కువగా చూసేది గూళ్లను. నల్లతుమ్మల మీద గుడ్డికొంగలు, నీటికాకులు గూళ్లు కట్టాయి. తామరకోడి పిల్లలతో తిరిగింది. నిరుడు వేసవిలో తీతువు నడకదారి గరప మీదే నాలుగు గుడ్లు పెట్టింది. పిల్లలు లేచి నడిచేవరకు దారిలో ఆ ముక్కను తాడు కట్టి మూసేశాము. నడిచేవాళ్లు కట్ట దిగి చుట్టి వెళ్లారు, ఒక్కరు కూడా తాడు తీయలేదు.

మిగిలిన పని పైపుల్లో ఇరుక్కుపోయిన మొదటి కసం కాలువది. రోడ్డు కింద ఉన్న చిన్న పైపు తీసి పెట్టె కల్వర్టు కట్టమని అర్జీ ఇచ్చాము, అంచనాలు తయారయ్యాయి, పని మొదలు కాలేదు. అప్పటివరకు గట్టి వాన పడిన ప్రతి రాత్రీ కాలనీ కుర్రవాళ్లు నలుగురు, మా మనుషులు ఇద్దరు దీపాలు, పారలు పట్టుకొని వెళ్లి, పైపు మూతికి అడ్డుపడిన కంపను, ప్లాస్టిక్‌ను లాగి గట్టున వేస్తున్నారు.